ఫారంలో రాసిన నెంబరు

నా భార్య పోయిన పదో రోజున, ఆమె పనిచేసిన జూనియర్ కాలేజీలో సంతాప సభ పెట్టారు. మాట్లాడిన వాళ్ళలో ఒకరు ఆమెను దీపం అన్నారు. ఇంకొకరు వంతెన అన్నారు. మంచి మనసుతోనే అన్నారు. ముందు వరసలో కూర్చుని, ఇవి వింటే ఆమె ఏమనేదో అనుకున్నాను. ఆమె లెక్కల లెక్చరరు. పోలికలంటే ఆమెకు ఓపిక ఉండేది కాదు. ఆమె చేసిన పని చెప్పడానికి పోలిక అక్కర్లేదు కూడా. ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్షకు దరఖాస్తు పెట్టే పిల్లల్లో కొందరి ఫారాల్లో, మొబైల్ నెంబరు అని ఉన్నచోట, తన నెంబరు రాసేది.

ఆ కొందరు ఎవరో చెప్పాలి. మేముండేది ఇందుకూరుపేటలో. ఇక్కడి నుంచి మైపాడు వైపు పోతే రోడ్డుకు రెండు పక్కలా రొయ్యల గుంటలే. ఆ గుంటల కట్టల మీద రేకుల షెడ్లు వేసుకుని కాపలా కుటుంబాలు ఉంటాయి. ఎక్కువమంది యానాదులు. ఒక పంట ఒకరి గుంట మీద ఉంటారు. రొయ్యలు పట్టేశాక ఇంకొకరి గుంటకు పోతారు. ఇంకా ముందుకు పోతే సముద్రం ఒడ్డున వేటకు పోయే వాళ్ళ పల్లెలు. ఈ రెండు చోట్ల నుంచీ పిల్లలు జూనియర్ కాలేజీ దాకా వస్తారు. ఇంజనీరింగ్ కాలేజీల్లో మాత్రం కనపడరు. కోటా ఉంది, సీట్లు ఉన్నాయి. ఇక్కడికీ అక్కడికీ మధ్యలో ఎక్కడో జారిపోతారు. ఆ మధ్యలో ఏముందో నా భార్య చూసింది.

చాలా ఏళ్ళ కింద ఒక యానాది విద్యార్థికి మంచి ర్యాంకు వచ్చింది. సీటు కూడా వచ్చింది. వచ్చిన సంగతి ఎవరికీ తెలియలేదు. కట్టల మీద ఒకచోట ఒక కంపెనీ సిగ్నల్ అందుతుంది, ఇంకోచోట ఇంకో కంపెనీది. అందుకని గుంట మారినప్పుడల్లా వాళ్ళు సిమ్ము మారుస్తారు, పాతది పారేస్తారు. సీటు కబురు ఆ పారేసిన సిమ్ముకు వచ్చింది. చేరాల్సిన గడువు దాటిపోయాక ఆ పిల్లవాడు కాలేజీకి వచ్చి, "మేడం, సీట్లు ఇంకా ఇవ్వలేదా?" అని అడిగాడట. ఆ సాయంత్రం ఆమె ఈ సంగతి నాకు రెండుసార్లు చెప్పింది. ఒకే మాట రెండుసార్లు చెప్పే మనిషి కాదు. మరుసటి ఏడు నుంచి ఫారాల్లో తన నెంబరు రాయడం మొదలుపెట్టింది.

ఆ తర్వాత ఒకడికి సీటు వచ్చింది, చేరాడు, ఏడాది తిరక్కుండా వెనక్కి వచ్చేశాడు. మార్కులు తక్కువై కాదు. ఎవరైనా ఏమైనా అన్నారా అని ఆమె అడిగితే, "ఎవురూ ఏమీ అన్లేదు మేడం. మాట్లాడేవాళ్ళు లేరు, అంతే," అన్నాడు. ఆ రోజు నేను ఇంట్లోనే ఉన్నాను, ఆ మాట విన్నాను. అప్పటి నుంచి ఆమె ఇంకో పద్ధతి పెట్టుకుంది. వెబ్ కౌన్సెలింగ్‌లో కాలేజీల వరస రాయించేటప్పుడు ముందు కాలేజీ పేరు చూసేది కాదు. అక్కడ మన వైపు పిల్లలు ఎవరున్నారో చూసేది. ఎవరూ లేని చోటికి పంపాల్సి వస్తే ఇద్దరిని కలిపి పంపేది.

నేను శాఖా గ్రంథాలయంలో పనిచేసి రిటైరయ్యాను. ఫోను అంతగా పట్టనివాణ్ణి. కౌన్సెలింగ్ రోజుల్లో ఆమె ఫోను అన్నం దగ్గర కూడా ఆగేది కాదు.

"నీ ఫోను పోస్టాఫీసయింది," అన్నాను ఒకసారి.

"పోస్టాఫీసు నయం. ఆదివారం సెలవుంటది," అంది.

ఇంకోసారి, అందరినీ ఇంజనీరింగ్‌కే ఎందుకు తోస్తావు, వేరే చదువులు లేవా అని అడిగాను.

"ఎవురు ఏది అడిగితే అదే రాయిస్తుండా. అడిగినోళ్ళను ఆపటంలా, అంతే," అంది. మళ్ళీ తనే, "గుంటల కాడికి ట్రాన్స్‌ఫార్మర్ చూడను వస్తారు, కాలవలకు కొలతలు తీయను వస్తారు. వాళ్ళల్లో కట్ట మీద పుట్టినోళ్ళు ఒక్కరన్నా ఉండారా? నువ్వు చూసినావా?" అని అడిగింది.

నేను చూడలేదు.

ఆమె మే నెలలో పోయింది. నెల్లూరులో ఆస్పత్రిలో తొమ్మిది రోజులు ఉంది. తర్వాత పదకొండు రోజులు ఆమె ఫోను నేనే ఎత్తాను. చేసిన ప్రతి వాళ్ళకూ ఆమె పోయిందనే ఒకే వాక్యం చెప్పాను. పన్నెండో రోజున ఫోను ఆపేసి, బీరువాలో ఆమె సర్వీసు కాగితాల పక్కన పెట్టాను. నా బావమరిది వచ్చి, "బావా, ఆ నెంబరు సరెండర్ చేసెయ్. ఎవరి చేతిలోనన్నా పడితే తలనొప్పి," అన్నాడు. దానికి మరణ ధ్రువపత్రం కావాలి. పంచాయతీ ఆఫీసులో అది తయారై ఉంది. నేను పోయి తెచ్చుకోలేదు.

ఫారాల్లో ఆ నెంబరు ఉన్న సంగతి అప్పుడు గుర్తు రాలేదంటే అబద్ధం. గుర్తొచ్చింది. ఎవరో ఒకరు చూసుకుంటారు అనుకున్నాను. ఆ ఫోను దేనికో ఈ ఊళ్ళో అందరికంటే నాకే బాగా తెలుసు. ఆపింది కూడా నేనే.

జూలై నెలాఖరులో ఒక రోజు పొద్దున పది గంటలకు ఒక అమ్మాయి, ఆమె తల్లి వచ్చి గేటు దగ్గర నిలబడ్డారు. అమ్మాయి నాకు తెలుసు. రెండేళ్ళు ప్రతి ఆదివారం మా వరండాలో కూర్చుని లెక్కలు చేసుకుంది. వాళ్ళ నాయన మైపాడు దారిలో ఒక రొయ్యల గుంట కాపలా ఉంటాడు. అమ్మాయి వరండాలోకి వచ్చింది. తల్లి మెట్టు మీదే కూర్చుంది.

"బాగుండారా సార్?"

"బాగున్నాను. చెప్పు తల్లీ."

అమ్మాయి తల్లి వంక చూసింది. "నువ్వే అడుగు."

"నేనేం అడిగేది. చదివినదానివి నువ్వు."

"అడగొద్దన్నది నువ్వు గదా. అందుకని నువ్వే అడుగు."

తల్లి పైట కొంగు సర్దుకుంది. "మేడమ్మ ఫోను సారూ," అంది.

సంగతి ఇది. అమ్మాయికి ర్యాంకు వచ్చింది. కాలేజీల వరస పెట్టుకోవడానికి రేపు సాయంత్రం ఆరు దాకానే గడువు. లోపలికి పోవాలంటే పాస్‌వర్డ్ పెట్టుకోవాలి. పాస్‌వర్డ్‌కు ఓటీపీ కావాలి. ఓటీపీ ఫారంలో రాసిన నెంబరుకు వస్తుంది. ఫారంలో ఉన్నది నా భార్య నెంబరు.

"నెల్లూరులో సహాయ కేంద్రంలో అడిగినాం సార్," అంది అమ్మాయి. "నెంబరు మార్చను దరఖాస్తు పెడితే మూడు దినాలు పడతాదంట."

"వారం ముందే రావచ్చు గదమ్మా."

"అది చెప్తానే ఉంది. నేనే వద్దన్నా," అంది తల్లి. "పోయినామె సామాను. తెచ్చి ఇయ్యండి అని మీ ముందర నిలబడితే బాగుంటదా సారూ?"

లోపలికి పోయి బీరువా తెరిచాను.

ఛార్జింగ్ పెట్టాక ఫోను వెలిగింది. ఆమె దానికి ఎప్పుడూ లాక్ పెట్టలేదు. ఎవరు పడితే వాళ్ళ చేతికి ఇచ్చేది, అందుకని. కానీ పైన సిగ్నల్ గీతలు లేవు. జూన్‌లోనే రీఛార్జి అయిపోయింది. ముగ్గురం బజారులో సెల్‌ఫోన్ షాపుకు పోయాం.

షాపతను సిమ్ము తీసి చూసి, "ఇన్‌కమింగ్ ఆగిపోయింది సార్," అన్నాడు. "ఎక్కువ రోజులు ఆగితే కంపెనీవోళ్ళు నెంబరు వేరేవాళ్ళకి ఇచ్చేస్తారు. ఇచ్చేసినారేమో చూడాల."

తన ఫోను నుంచి ఆ నెంబరుకు చేసి, స్పీకరు పెట్టాడు. అమ్మాయి కౌంటరు అంచు పట్టుకుని నిలబడింది. ఎవరైనా హలో అంటే నెంబరు పోయినట్టే. ఎవరూ అనలేదు. ఈ నెంబరుకు ప్రస్తుతం కాల్స్ అందవని రికార్డు చేసిన గొంతు చెప్పింది.

"అయితే ఉంది సార్. పోలా," అన్నాడు షాపతను. రీఛార్జి చేసి, "గంటో రెండు గంటలో పడతాది, కూర్చోండి," అన్నాడు.

నేను ధ్రువపత్రం తెచ్చుకుని ఉంటే ఆ నెంబరు ఉండేది కాదు. నా బద్ధకం ఒకటి ఇట్లా పనికొచ్చింది. దీన్ని అంతకంటే పెద్దదిగా నేను అనుకోలేదు.

పక్కనే నెట్ సెంటర్. అందులో పోయి కూర్చున్నాం. అమ్మాయి సంచిలోంచి మడిచిన కాగితం తీసింది. కాలేజీల వరస. నా భార్య రాత. మే నెల మొదటి వారంలో రాసిచ్చి ఉంటుంది. నెట్ సెంటర్ నడిపే అతను ఆ కాగితం తీసుకుని చూశాడు.

"ఇదా ఫస్టు? వేరే జిల్లాలో కాలేజీ. ఎవరు రాసిచ్చినారు పాపా? నీ ర్యాంకుకు నెల్లూరులోనే కంప్యూటర్స్ వస్తాది. నేను అందరికీ పెడతుండా గదా. ఒకటే లిస్టు, పది నిమిషాల పని."

"అందరికీ ఒకటే లిస్టు ఎట్టన్నా?" అంది అమ్మాయి.

"అందరూ చేరాలనుకునేది అవే గదా."

"నాకు ఎలక్ట్రికల్ కావాల."

"కరెంటు పనా? నువ్వు స్తంభం ఎక్కతావా?"

ఈ మాటకు తల్లి జవాబు చెప్పింది. "ఎక్కతాది. పోయిన పంటలో ఫేజు పోయి, గుంటలో గాలి కొట్టే మోటారు గుర్రుమంటా ఉంటే, శబ్దం విని పరిగెత్తిపోయి ఆపింది ఇదే. ఇంకాసేపుంటే మోటారు కాలిపోయేది. మా కాపలా పోయేది."

"అట్టయితే లైన్‌మేన్ అయితే చాలు గదక్కా. ఇంజనీరెందుకు?"

"లైన్‌మేన్‌ని అరిచేది ఇంజనీరే గదా," అంది తల్లి. నవ్వుతూ అనలేదు. అతను నవ్వాడు.

ఎలక్ట్రికల్ సంగతి అంతటితో తేలిపోయింది. కాలేజీ సంగతి తేలలేదు. నెల్లూరయితే వారం వారం వస్తుంది గదా అని తల్లికి ఉంది. నిజం చెప్పాలంటే నాకూ అదే మంచిదనిపించింది. నెల్లూరు కాలేజీకి పేరు ఎక్కువ, దూరం తక్కువ.

"మేడం అదే ముందు పెట్టమన్నారు సార్," అంది అమ్మాయి. "ఆడ మన వైపు అక్క ఒకామె ఉండాదంట. నాకు ఆమె తెలీదు. ఇప్పుడు ఉండాదో లేదో కూడా తెలీదు. నెంబరు మేడం కాడే ఉండాది."

"ఉండాదో లేదో తెలీనామెను నమ్ముకుని అంత దూరం పోతావా?" అంది తల్లి. అమ్మాయి కాగితాన్ని మళ్ళీ మడిచింది, మళ్ళీ విప్పింది.

పన్నెండు దాటాక నా జేబులో ఫోను మోగసాగింది. ఆగి ఉన్న వాట్సాప్ మెసేజీలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. కొన్ని ఆమె లేదని తెలియని వాళ్ళవి. వాటిని ఆ రోజు చదవలేదు. కిందికి పోతూ ఉంటే, ఆమె ఆస్పత్రిలో ఉన్న వారంలో వచ్చి, ఎవరూ తెరవని మెసేజీ ఒకటి కనిపించింది. పంపిన అమ్మాయిది మైపాడు పక్కన సముద్రం ఒడ్డు పల్లె. మూడేళ్ళ కింద నా భార్య ఆ కాగితంలోని మొదటి కాలేజీకే పంపిన పిల్ల.

"మేడం, మీరు చెప్పిన పాప పరీక్ష బాగా రాసిందా? జూన్‌లో మా రూములో ఒక మంచం ఖాళీ అవుతుంది. ఆ పాప వచ్చేటట్టయితే చెప్పండి, వేరేవాళ్ళకు ఇవ్వకుండా చూస్తాను."

మెసేజీ అమ్మాయికి చూపించాను. ఆ నెంబరుకు ఫోన్ చేశాను. అవతల ఎత్తారు కానీ మాట రాలేదు. అప్పుడు నాకు అర్థమైంది. నా భార్య పోయిన సంగతి ఆ పిల్లకు తెలుసు. ఆ పిల్ల ఫోనులో ఇప్పుడు కనిపిస్తున్నది మేడం పేరు.

"నేనమ్మా. మేడం ఇంటాయన్ని," అన్నాను.

"సార్," అంది. "చెప్పండి సార్."

"ఆ మంచం ఇంకా ఉందా?"

"ఉండాది సార్. వార్డెన్ రెండుసార్లు అడిగింది. నా పెట్టె దాని మీద పెట్టేసి, నాదే అని చెప్పినా. ఎన్నాళ్ళు ఆపగలనో తెలీదు. ఆ పాప వస్తుందా?"

నేను ఫోను తల్లికి ఇచ్చాను. ఆమె దాన్ని నోటికి దగ్గరగా పెట్టుకుని మాట్లాడింది. స్పీకరులో ఉంది కాబట్టి అందరం విన్నాం.

"ఎవురి పిల్లవమ్మా నువ్వు?"

"మా నాయన వేటకు పోతాడమ్మా. మైపాడు పక్కనే."

"సముద్రమోళ్ళా. మేము గుంటోళ్ళం. ఆడ తిండి ఎట్టుంటాది?"

"అన్నం బాగానే ఉంటాది. చేప మాత్రం దొరకదు."

"చేప లేకుండా ఎట్ట తింటుండావు?"

"తింటానమ్మా. నాతో వచ్చిన పిల్ల మూడు నెలలకే ఇంటికి పోయింది. ఆ ఏడాదంతా ఒక్కదాన్నే తిన్నా. ఇద్దరుంటే మాట్లాడుకుంటా తింటాం."

"పెట్టె తీయొద్దు," అంది తల్లి. ఫోను నాకు ఇచ్చి, నెట్ సెంటర్ అతనితో, "ఆ కాయితంలో ఉండేటట్టే కొట్టు నాయనా," అంది.

"నా లిస్టు ఉట్టిదే అయిందిలే," అన్నాడతను. కుర్చీ పక్కకు జరుపుకుని కీబోర్డు అమ్మాయి ముందుకు తోశాడు. "నువ్వే కొట్టుకో. తప్పు పోతే నన్ననొద్దు."

ఓటీపీ వచ్చింది. ఆరు అంకెలు. నేను చదివాను, అమ్మాయి కొట్టింది. కౌన్సెలింగ్ రోజుల్లో నా భార్య స్నానానికి పోయినప్పుడో వంటింట్లో ఉన్నప్పుడో ఇట్లా అంకెలు చదివి పెట్టిన రోజులు ఉన్నాయి. విసుక్కుంటూ చదివేవాణ్ణి.

తర్వాత ఫోను ఆపలేదు. ముందు గదిలో బల్ల మీద ఛార్జింగ్ పెట్టి ఉంచాను. ఆగస్టు మధ్యలో ఒక పొద్దున మెసేజీ వచ్చింది. అమ్మాయికి సీటు వచ్చింది. కాగితంలో మొదటిదే, ఎలక్ట్రికల్. నాలుగు రోజుల్లో చేరాలి.

వాళ్ళ నాయన నెంబరుకు చేశాను. అందుబాటులో లేదంది. మధ్యాహ్నం మళ్ళీ చేశాను, అదే మాట. ఆటో మాట్లాడుకుని గుంటల వైపు పోయాను. వాళ్ళున్న గుంటలో నీళ్ళు లేవు. రొయ్యలు పట్టేశారు. అడుగున మట్టి ఎండి బీటలు వేసింది. షెడ్డు మీద రేకులు కూడా తీసేశారు. పక్క గుంట కాపలా ఆయన్ను అడిగితే, "పోయి ఆరు దినాలయింది. కాలవ అవతలికి పోయినారు," అని చేత్తో చూపించాడు.

ఆటో అంతదూరం రాదు. కట్ట మీద నడిచాను. నడుస్తుంటే, ఆ పాత కబురు సంగతి ఆమె నాకు రెండుసార్లు ఎందుకు చెప్పిందో తెలిసింది. నా చేతిలో ఉన్నది నాలుగు రోజుల కబురు. దాన్ని అందుకోవాల్సిన వాళ్ళు ఎక్కడున్నారో తెలియదు. ఆమె ఈ కట్టల మీద ఎన్నిసార్లు నడిచిందో నేను ఎప్పుడూ అడగలేదు.

మూడో గుంట దగ్గర దొరికారు. తండ్రి షెడ్డుకు రేకు బిగిస్తున్నాడు. అమ్మాయి స్టార్టర్ పెట్టె తలుపు తెరిచి లోపల తీగలు చూస్తోంది. నన్ను చూసి పెట్టె మూసి, చేతులు తుడుచుకుంది. ఫోను ఇచ్చాను. మెసేజీ మొత్తం చదివింది. తర్వాత తండ్రికి చదివి వినిపించింది, కాలేజీ పేరుతో సహా.

"దినాలెన్ని?" అన్నాడు తండ్రి.

"నాలుగు. ఈ పూట పోతే మూడున్నర," అంది అమ్మాయి. నా వైపు తిరిగి, "సార్, చేరేటప్పుడు ఫారంలో మళ్ళీ నెంబరు అడగతారు. నాకు ఇంకా సిమ్ము లేదు. ఆడ ఏ కంపెనీది పలకతాదో చూసి తీసుకోవాల," అంది.

"అందాక ఇదే రాయి," అన్నాను.

"ఇది ఉంటాదా సార్?"

"ఉంటుంది."

తల్లి షెడ్డు లోపలి నుంచి వచ్చింది. సంగతి విని, "ముందు ఆ పిల్లకు చెప్పండి. పెట్టె తీసేసిందేమో," అంది.

ఫోను చూశాను. సిగ్నల్ లేదు.

"ఈడ రాదు సారూ. తూము కాడికి పోతే పలకతాది," అంది.

నలుగురం కట్ట మీద తూము దాకా నడిచాం. అక్కడ ఒక గీత కనిపించింది. అమ్మాయి నా చేతిలోంచి ఫోను తీసుకుని, ఆ పిల్ల నెంబరు తనే నొక్కింది.